మ్యూజియంలల్లో మన బట్ట, మన ఇళ్ళల్లో మన మగ్గం



వార్షికోత్సవ సంచిక అంటే సన్మానాల ఫొటోలు, సంఘం లెక్కలు, పిల్లల మార్కుల ముచ్చట్లు ఉంటయి. అవన్నీ ఉండాల్సిందే. వాటికి తోడు ఒక చరిత్ర వ్యాసం కూడా ఉంటే బాగుంటుందని పెద్దలు అనడంతో మేము ఇది రాస్తున్నాం. విషయం మ్యూజియంలు. "మగ్గం నేసుకునేటోళ్ళకు మ్యూజియంతో ఏం పని?" అని ఎవరైనా అడగొచ్చు. సిరోంచ సరిహద్దులో ఉన్న మనకు ఆ పని మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువే ఉంది. ఎందుకో చెప్తాం.

ఇల్లు కదల్లేదు, సర్కారు మారింది

మన ప్రాంతం సంగతి పెద్దలకు తెలిసిందే. పిల్లల కోసం మళ్ళొకసారి. సిరోంచ ప్రాణహిత ఒడ్డున ఉంది. కొంచెం దిగువన కాళేశ్వరం దగ్గర ప్రాణహిత పోయి గోదావరిలో కలుస్తది. ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తది. గోదావరి అవతల తెలంగాణ, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్, నడుమ మనం. మూడు సర్కార్లు ఉన్నా, సిరోంచ, అంకీస, ఆసరెల్లి దిక్కు చాలా ఇళ్ళల్లో మాట తెలుగే.

ఈ ఊర్లు ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేవి. 1860 డిసెంబరులో నిజాముకూ ఆంగ్లేయులకూ జరిగిన ఒప్పందంలో గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డు తాలూకాలు ఆంగ్లేయుల చేతికి పోయినయి. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లా పోయి సిరోంచ చాందా జిల్లాలో కలిసింది. 1950లో మనం మధ్యప్రదేశ్ వాళ్ళం. 1956లో బొంబాయి రాష్ట్రం వాళ్ళం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర వాళ్ళం. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా పుట్టింది. అవతలి ఒడ్డున ఉన్న మన వియ్యంకులు హైదరాబాద్ రాజ్యం నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు వచ్చిన్రు. ఎవ్వరూ ఇల్లు కదలకుండానే ఇన్ని మార్పులు జరిగినయి.

దీనివల్ల ఒక నష్టం జరిగింది. తెలంగాణ చేనేత గురించి రాసేవాళ్ళు పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ, అవతలి ఒడ్డున మహాదేవపూర్ పట్టు దాకా వచ్చి నది దగ్గర ఆగిపోతరు. మహారాష్ట్ర గురించి రాసేవాళ్ళు పైఠణీ, ఔరంగాబాద్ హిమ్రూ, నాగపూర్ కోష్టిల నేత చెప్పి, దక్షిణాన అడవి మొదలైన కాడ ఆగిపోతరు. మధ్యలో ఉన్న మనం రెండు పుస్తకాల్లోనూ అంచుకు మిగిలిపోయినం. మరి మన సంగతి ఎవరు దాచినట్టు?

మన నేల ఎముకలు ఎక్కడున్నయి?

మ్యూజియం అంటే ఏమిటో మన నేలకే బాగా తెలుసు. సిరోంచ తాలూకాలో పోచంపల్లి అనే ఊరుంది. ఇక్కత్ చీరల పోచంపల్లి వేరు, ఇది వేరు. ఆ ఊరి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వితే పెద్ద పెద్ద రాక్షస బల్లుల ఎముకలు బయటపడ్డయి. 1975లో ఆ జంతువుకు బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టిన్రు. పేరులో ముందు భాగం పెద్ద కాలు అనే అర్థంలో, వెనక భాగం రవీంద్రనాథ్ టాగూరు పేరు మీద. ఆ అస్థిపంజరాన్ని ఇప్పటికీ కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబెట్టి చూపిస్తరు.

నది అవతల యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో రాక్షస బల్లి కోటాసారస్. అది హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. దాని పేరులో ఉన్న "కోట" మన ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామమే. ఆ ఊరి పేరు మీదనే ఇక్కడి రాతి పొరలకు పేరు పెట్టిన్రు. సిరోంచ దగ్గరి వడధంలో రాయిగా మారిన చెట్ల మొద్దులు, ఎముకలు ఉన్న ఫాసిల్ పార్కు కూడా ఉంది.

కోట్ల ఏండ్ల కిందటి జంతువు ఎముక దొరికితే, ఏ ఊర్లో దొరికింది, ఏ పొరలో దొరికింది, ఎంత పొడుగుంది అని రాసి పెట్టి, పేరు పెట్టి, అద్దాల వెనక భద్రం చేసిన్రు. మంచి పని. మన తాతలు కూసున్న గుంట మగ్గం సంగతి మాత్రం అట్లా ఎవ్వరూ రాసిపెట్టలేదు. గుంట పూడ్చి గచ్చు పోసినం, మగ్గం కర్రలు పొయ్యిలోకి పోయినయి. యాభై ఏండ్ల కిందటి మన పని గురించి మనకు తెలిసింది, పదహారు కోట్ల ఏండ్ల పైబడ్డ బల్లి గురించి లోకానికి తెలిసినంత కూడా లేదు.

అజబ్ బంగ్లా నుంచి ఏడు వందల ముక్కల దాకా

మనోళ్ళు పని మీద నాగపూర్ పోయినప్పుడు పిల్లల్ని తీసుకపోయి చూపించే జాగ సెంట్రల్ మ్యూజియం. అక్కడివాళ్ళు దాన్ని అజబ్ బంగ్లా అంటరు. 1863లో పెట్టిన్రు. శాసనాలు, శిల్పాలు, నాణేలు, జంతువుల బొమ్మలు, గిరిజనుల వస్తువులు అన్నీ ఉంటయి. పిల్లలు సంబురపడతరు. అది ఎందుకు, ఎప్పుడు పుట్టిందో కూడా తెలుసుకుంటే మన నేత చరిత్ర కొంత తెలుస్తది.

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. అక్కడి నుంచి ఇంగ్లండ్ మిల్లులకు పత్తి పోవడం ఆగింది. ఆంగ్లేయుల చూపు మన బేరార్, నాగపూర్ పత్తి మీద పడ్డది. ఆ పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా తీసుకపోవాలని పెద్ద పథకం వేసిన్రు. సర్ ఆర్థర్ కాటన్ ఆ ఆలోచనకు పెద్ద దిక్కు. సిరోంచను జిల్లా కేంద్రం చేసిన రోజులు కూడా అవే. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉండటంతో ఖర్చు పెరిగింది. 1867లో నాగపూర్‌కు రైలు వచ్చింది. 1871లో పడవల పథకాన్ని వదిలేసిన్రు.

ఆ పదేండ్లలోనే సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ ఉండగా నాగపూర్‌లో మ్యూజియం వచ్చింది, 1865 డిసెంబరులో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. ఏ ఊర్లో ఏం పండుతది, ఎవరు ఏం చేస్తరు, ఎంతకు అమ్ముతరు అన్నది ఒక్కచోట చేర్చి చూసుకున్నరు. 1866లో లండన్‌లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి ఇంకో పని చేసిండు. ఇండియా నేత బట్టల నుంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అతికించిండు. అట్లాంటివి 20 సెట్లు తయారుచేస్తే 13 బ్రిటన్‌లో ఉంచిన్రు, 7 ఇండియాకు పంపిన్రు. ఒక్కో సెట్టు ఒక్కో పరిశ్రమల మ్యూజియం లాంటిదని ఆయన భావన. ప్రతి ముక్క కింద ఊరు, పొడవు, వెడల్పు, బరువు, ధర రాసిండు. ఇండియా జనం ఏం కట్టుకుంటరో చూసి, అట్లాంటి బట్టను ఇంగ్లండ్ మిల్లుల వాళ్ళు నేసి ఇక్కడే అమ్ముకోవాలె. అసలు ఉద్దేశం అది. ఆయన దాన్ని దాచుకోలేదు, బాహాటంగానే రాసిండు.

మన తాతముత్తాతల కాలంలో మన నేల పత్తి బయటకు పోయే దారి వెతికిన్రు, మన దేశపు నేత నమూనా బయటకు పోయింది, మిల్లు బట్ట లోపలికి వచ్చింది. మూడూ ఒక్క పదేండ్లలో కనిపిస్తయి. అందుకే పాత మ్యూజియంల దగ్గర నేతగాళ్ళు రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలె. వాళ్ళు దాచకపోతే ఆ బట్టలు ఈనాడు చూడను కూడా దొరకకపోయేవి. అది నిజం. వాళ్ళు దాచింది నేతగాని కోసం కాదన్నది కూడా నిజం. ఆ 700 ముక్కల కింద ధర ఉంది, బరువు ఉంది. నేసినోని పేరు లేదు.

1916లో రస్సెల్, హీరాలాల్ కలిసి సెంట్రల్ ప్రావిన్సెస్ కులాల మీద నాలుగు సంపుటాల పుస్తకం తెచ్చిన్రు. అందులో మనోళ్ళ సంగతి "కోష్టి, కోష్టా, సాలెవార్" అనే శీర్షిక కింద ఉంటది. మరాఠీ, తెలుగు నేతగాళ్ళను ఒక్క మూటలో కట్టిన్రు. మనం ఇంట్లో పద్మశాలి అనుకుంటం, అవతలి ఒడ్డున సాలోళ్ళు అంటరు, కాగితం మీద సాలెవార్. ఇది ఉత్త పేర్ల ముచ్చట అనుకోవద్దు. పిల్లల కాలేజీ సీటుకు సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు పాత కాగితం ఎందుకు దాచలేదని బాధపడ్డ ఇండ్లు మనలో చానా ఉన్నయి.

పటం కథ: నడిచొచ్చే మ్యూజియం

అట్లని మన పెద్దలు ఏమీ దాచలేదా? దాచిన్రు, వాళ్ళ పద్ధతిలో. కూనపులి వాళ్ళ సంగతి ముసలోళ్ళకు ఎరుకే. తెలంగాణలో ఊరూరు తిరిగి పద్మశాలీల వాకిట్లో పటం కట్టి, మార్కండేయుని కథ, భావనారుషి కథ పాడి చెప్పేవాళ్ళు. గజాల కొద్ది పొడుగున్న బట్ట మీద వరుసగా బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ విప్పుకుంట కథ నడిచేది. బొమ్మలు గీసేది నకాషీలు. ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాల ఆ పనికి పేరుబడ్డది. ఒక్కో కులానికి ఒక్కో కథ, దానికి ఒక్కో పటం, చెప్పేటోళ్ళు వేరు. మన కథ మన ఇంటి ముందుకే వచ్చేది. టికెట్ లేదు, తాళం లేదు. బియ్యం, బట్ట ఇచ్చి పంపేవాళ్ళు.

ఆ పటాలు ఇప్పుడు మ్యూజియంలకు చేరినయి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ 1976లో తమ సేకరణతో మ్యూజియం పెట్టిన్రు. తెలంగాణ పటాల విలువను లోకానికి చెప్పినవాళ్ళల్లో జగదీశ్ మిత్తల్ ముఖ్యులు. అదే ఊర్లో 1951లో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. జనం అంతా ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ దగ్గర, గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతరు. బట్టలు పెట్టిన గదిలో రద్దీ తక్కువ. మనం పోయినప్పుడు ముందు ఆ గదికే పోవాలె. పడుగు ఎన్ని పోగులు, అంచు ఎట్లా కలిపిండు అని అద్దం దగ్గర నిలబడి చూడగలిగేది మన కండ్లే.

పటం గురించి ఒక సంగతి మమ్ములను చాలా ఆలోచింపజేసింది. పటం పాతబడి చినిగిపోతే, దాన్ని మూలకు పడెయ్యరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలిపేవాళ్ళు. కొత్త పటం రాయించుకునేవాళ్ళు. మ్యూజియం పద్ధతి దీనికి ఎదురు. అక్కడ పాతదాన్ని చీకట్లో, చల్లగా, ఎవ్వరూ ముట్టకుండా దాస్తరు. మన పెద్దలకు పాత పటం మీద ప్రేమ లేక కాదు. రాసే చెయ్యి ఉన్నది, చెప్పే నోరు ఉన్నది, వినే వాకిలి ఉన్నది. కాబట్టి పటం పోయినా పటం పని పోదని వాళ్ళ ధైర్యం.

నేత కూడా అంతే. చీర చినిగితే బొంత అయ్యేది, బొంత చినిగితే మసిగుడ్డ అయ్యేది. దాచే అవసరం రాలేదు, ఎందుకంటే మగ్గం ఆగలేదు. ఇప్పుడు మగ్గం ఆగింది. నదిలో కలిపే అలవాటు మిగిలి, మళ్ళా రాసే చెయ్యి లేకపోతే ఇగ మిగిలేదేమీ ఉండదు. మన కాలంలో వచ్చిన అసలు చిక్కు ఇది.

చైనావాళ్ళు ఏం చేసిన్రు?

పట్టు అంటే చైనా. వాళ్ళు దాన్ని ఎట్లా దాచుకుంటున్నరో మేము పుస్తకాల్లో, పరిశోధకులు రాసిన దాంట్లో చదివి తెలుసుకున్నం. జెజియాంగ్ రాష్ట్రంలోని హాంగ్‌జౌ పట్టణంలో 1992లో జాతీయ పట్టు మ్యూజియం తెరిచిన్రు. పట్టుపురుగు పెంపకం నుంచి నేత దాకా మొత్తం పనిని 2009లో యునెస్కో చైనా వారసత్వంగా గుర్తించింది. గమనించండి, ఆ గుర్తింపు చీరకో, శాలువాకో రాలేదు. పనికి వచ్చింది.

ఇంకో సంగతి సిచువాన్ రాష్ట్రంలోని చెంగ్డూ నగరానిది. 2012, 2013 సంవత్సరాల్లో అక్కడ లావోగువాన్‌షాన్ అనే చోట పాత సమాధులు తవ్విన్రు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటివి. ఒక సమాధిలో నాలుగు చిన్న మగ్గాల నమూనాలు దొరికినయి, కర్రతో చేసినవి. బుటా నేసే మగ్గానికి ప్రపంచంలో దొరికిన మొట్టమొదటి నేరు సాక్ష్యం అవే అని పరిశోధకులు అంటరు. మగ్గాలతో పాటు నేసే మనుషుల బొమ్మలు కూడా ఉన్నయి. వాళ్ళ ఛాతీల మీద అక్షరాలు ఉన్నయి. రెండువేల ఏండ్ల కింద సమాధి కట్టినోడు మగ్గాన్నీ, మగ్గం మీది మనిషినీ కలిపి దాచిండు.

తర్వాత హాంగ్‌జౌ మ్యూజియం వాళ్ళు ఆ నమూనాలను అద్దాల పెట్టెలో పెట్టి ఊరుకోలేదు. కొలతలు తీసి నిలువెత్తు మగ్గం తయారుచేయించిన్రు. దాని మీద పాత కాలపు జరీ లాంటి బుటా బట్టను మళ్ళా నేయించిన్రు. చెంగ్డూలో షు బ్రొకేడ్ మ్యూజియంలో పెద్ద కర్ర మగ్గం మీద ఇద్దరు కూసుంటరు. ఒకరు పైన ఎక్కి పోగులు గుంజుతరు, ఒకరు కింద నాడె విసురుతరు. చూడవచ్చినోళ్ళకు చప్పుడు కూడా వినిపిస్తది.

మన దగ్గర అట్లాంటి పని జరగలేదని కాదు. పుట్టపాకలో తేలియా రుమాలు చూడండి. నూలును ఆముదంలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసకాలె. అట్లా చేస్తేనే ఆ ఎరుపు, ఆ నలుపు పడుతది. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు పోయిన రుమాళ్ళు అవి. పాతవి మ్యూజియంలల్లో ఉన్నయి. నానబెట్టే లెక్క మాత్రం చేతుల్లోనే బతికింది. ఆ పనికి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియాకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆసు పోసే ఆడోళ్ళ భుజాల నొప్పి చూసి లక్ష్మి ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు అంటే ఏమిటో తెలిసిన ఇంట్లో పుట్టినందుకే ఆ ఆలోచన వచ్చింది.

మనం దాచుకోవాల్సినవి

సిరోంచకు హాంగ్‌జౌ లాంటి మ్యూజియం ఇప్పట్లో రాదు. దాని కోసం ఎదురు చూస్తే మన ముసలోళ్ళు ఉండరు. అయితే మ్యూజియం చేసే పనిలో ముఖ్యమైనది మన ఇంట్లోనే చెయ్యొచ్చు. అది రాసిపెట్టుడు.

మొదటిది మాటలు. పడుగు, పేక, నాడె, కండె, పన్నె, ఆసు, రాట్నం, గంజి పెట్టుడు. ఈ మాటల్లో ఎన్ని మన పిల్లలకు తెలుసు? మరాఠీ బడిలో చదివే పిల్లకు హాత్‌మాగ్ తెలుసు, తాణా బాణా తెలుసు, ధోటా తెలుసు. అవీ మంచి మాటలే, నేర్చుకోనీ. కానీ ధోటా అంటే మా తాత చేతిలోని నాడె అని తెలిస్తే రెండు భాషలూ ఆమెవే అయితయి. లేకుంటే ఒకటి పుస్తకంలో ఉంటది, ఇంకొకటి తాతతో పోతది.

రెండోది పనిముట్లు. అటక మీద విరిగిన రాట్నం ఉన్నా, పాత నాడె ఒక్కటి ఉన్నా అమ్మొద్దు, కాల్చొద్దు. పేరు, ఎవరు వాడిన్రు, ఏ ఊర్లో, సుమారు ఏ ఏండ్లలో అని చీటీ కట్టి ఉంచండి. చీటీ లేని వస్తువు ఇంకో తరానికి కట్టె ముక్క. చీటీ ఉంటే అదే సాక్ష్యం.

మూడోది మనుషులు. నేసిన తాతల పేర్లతో పాటు, కండెలు చుట్టిన, ఆసు పోసిన, గంజి పెట్టిన నాయనమ్మలు, అమ్మమ్మల పేర్లు కూడా రాయాలె. మగ్గం మీద కూసున్నది ఒక్కరు కనిపిస్తరు గానీ ఒక చీర వెనక ఇల్లంతా ఉంటది. ఇంగ్లండ్ సంపుటాల్లో పడని పేర్లు కనీసం మన సంఘం పుస్తకంలో పడాలె.

నాలుగోది కాగితాలు. పాత సొసైటీ రసీదు, నూలు కొన్న చిట్టీ, పెండ్లి పత్రిక, బడి దాఖలా, భూమి కాగితం, ఏదైనా సరే ఫొటో తీసి ఉంచండి. నది ఈ ఒడ్డున కులం పేరు ఒకటి, ఆ ఒడ్డున ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉన్న మనకు ఇవి చరిత్రకూ పనికొస్తయి, పిల్లల బతుకుకూ పనికొస్తయి.

ఈ సంచిక డిజిటల్‌లో వస్తున్నది కాబట్టి ఒక సౌకర్యం ఉంది. ఫోన్‌లో తీసిన వీడియో కూడా దాంట్లో పెట్టొచ్చు. మీ ఇంట్లో నేత తెలిసిన పెద్దమనిషి ఉంటే పక్కన కూసోబెట్టి, ఖాళీ చేతులతోనైనా సరే, పోగు ఎట్లా అతుకుతరో, నాడె ఎట్లా విసురుతరో చేసి చూపించమనండి. చేతులు మర్చిపోవు. అడిగేటోళ్ళు లేకనే అవి ఊరికే ఉన్నయి. సంఘం తరఫున మేము కోరేది ఒక్కటే: వచ్చే నూలి పున్నమికి జంధ్యం మార్చుకునే లోపల ప్రతి ఇంటి నుంచి ఒక పేరు, ఒక మాట, ఒక వస్తువు ఫొటో సంఘానికి చేరాలె. వంద ఇండ్లు పంపితే సిరోంచ సరిహద్దు నేతగాళ్ళ మొదటి పుస్తకం తయారయినట్టే.